ఉరుము రాని మెరుపులు

సాయంత్రం 6.52.

డాబా మీద పిట్టగోడ పక్కన మనిషి బోర్లా పడి ఉన్నాడు. వాన కాస్త నెమ్మదించింది. అవతలి వైపు, నీళ్ళ ట్యాంకు వెనకాల, ట్రైపాడ్ మీద కెమెరా నిలబడి ఉంది. దానికి ప్లాస్టిక్ కవరు కట్టి ఉంది. తీసే మనిషి పోయాడని దానికి తెలియదు. ముప్పై సెకన్లకొకసారి టక్‌మంటూ ఆకాశాన్ని ఫొటో తీస్తూనే ఉంది.

శవాన్ని చూసింది స్టూడియోలో ఫొటోలకు టచప్ చేసే పెద్దాయన. కరెంటు పోయాక టీకి వెళ్ళి, వాన నెమ్మదించాక తిరిగొచ్చి, యజమాని కోసం పైకెక్కాడు. స్టేషన్‌కి ఫోన్ చేసిందీ ఆయనే.

పోయిన మనిషిని ఆ వీధిలో మెరుపులాయన అంటారు. కింద ఫొటో స్టూడియో. మొదటి అంతస్తులో పాత తెరలూ సామానూ. రెండో అంతస్తులో భార్యాభర్తల కాపురం. ఆపైన డాబా. పగలంతా పాస్‌పోర్టు ఫొటోలు తీస్తాడు. మబ్బు పట్టిందంటే చాలు, ట్రైపాడ్ భుజాన వేసుకుని పైకి పరుగు. పదకొండేళ్ళుగా ఇదే వరస. ఎప్పుడో ఒకరోజు ఆ పిడుగే నిన్ను ఫొటో తీస్తుందని వీధిలో వాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. ఇప్పుడు ఆ మాట అన్నవాళ్ళంతా గుమ్మాల్లో నోళ్ళు కుట్టుకుని నిలబడ్డారు.

7.20కి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. స్టేషన్లో అతన్ని నిమిషాల ఇన్‌స్పెక్టర్ అంటారు. భార్య కాఫీ ఇచ్చినా టైము చూసుకుని గానీ తాగడని చెప్పుకుంటారు. జేబులో చిన్న డైరీ. అందులో అన్నీ టైములే.

డాక్టర్ అప్పటికే చూశాడు. పిడుగు నేరుగా పడలేదు, పక్కన ఎక్కడో పడింది, తడి నేల మీంచి కరెంటు పాకి గుండె ఆగింది అన్నాడు. లేవబోతూ ఇంకో మాట అన్నాడు. రెండు పిడికిళ్ళ అంచులూ కమిలి ఉన్నాయట. అది పిడుగు పని కాదట.

స్టేషన్ రైటర్ అప్పుడే కాగితం తీశాడు. అతనికి పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. ఏ చావైనా ఒక పేజీలో తేలిపోవాలి.

"పిడుగు కేసు సార్. ప్రమాదం అని రాసేస్తున్నా."

ఇన్‌స్పెక్టర్ టచప్ పెద్దాయన వైపు తిరిగాడు.

"మీరు పైకొచ్చేసరికి డాబా తలుపు ఎలా ఉంది?"

"గడియ పెట్టుంది సార్. తీసుకుని వచ్చాను."

"గడియ ఎటువైపు?"

"మెట్లవైపు."

రైటర్ కలం ఆగింది. మనిషి డాబా మీద ఉన్నాడు, గడియ లోపల ఉంది. బయట ఉన్నవాడు లోపలి గడియ పెట్టుకోలేడు. ఎవరో పెట్టారు. పిడుగులు పడే వానలో ఒక మనిషిని బయటే వదిలేసి మరీ పెట్టారు.

ఇన్‌స్పెక్టర్ డైరీ తెరిచాడు.

తలుపు పక్కన గోడకి ఒక మేకు. దానికి పసుపు రంగు రెయిన్‌కోటు. ఇంకా తడిగానే ఉంది. కింద మూలన ఒక ఇటుక. దాని పక్కన ఒక గోనెపట్టా.

పోయినాయన భార్య ఏడవడం లేదు. రెండో అంతస్తులో, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, అడిగినదానికల్లా తిన్నగా జవాబు చెప్పింది. అలాంటి మనుషులంటేనే ఇన్‌స్పెక్టర్‌కి భయం. వాళ్ళు తర్వాత ఏడుస్తారు.

సాయంత్రం 5.50కి ఆయన పైకి వెళ్ళారు. ఫోన్ ఎప్పటిలాగే స్టూడియో బల్ల మీద వదిలేశారు. ఫోన్ పిడుగును లాగుతుందని ఆయన నమ్మకం. 6.10కి కరెంటు పోయింది. 6.30కి డాబా తలుపు గాలికి దబదబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆవిడ కొవ్వొత్తి పట్టుకుని పైకి వెళ్ళింది.

"మేకుకి కోటు ఉంది. నీళ్ళు కారుతున్నాయి. సరే, దిగొచ్చేశారు అనుకున్నాను" అందావిడ.

"ఆయన్ని చూశారా?"

"చూడక్కర్లేదండి. అది మా ఇంటి లెక్క. పెళ్ళయిన కొత్తలో నేను కంగారుపడి పదిసార్లు పైకెక్కుతుంటే ఆయనే పెట్టారు. తడి కోటు మేకుకి ఉందంటే మనిషి కిందికొచ్చినట్టే. కోటు తగిలించి, మా గుమ్మం ముందు నుంచే తిన్నగా స్టూడియోకి దిగిపోతారు. ఫొటోలు చూసుకునేదాకా నాతో కూడా మాట్లాడరు. పదకొండేళ్ళలో ఆ లెక్క ఒక్కసారి తప్పలేదు."

తలుపుకి అడ్డం పెట్టే ఇటుక జారిపోయి ఉందట. దాన్ని మూలకు నెట్టింది. గడియ పెట్టింది. మెట్ల మీద తడి అడుగులు ఉంటే గోనెపట్టాతో తుడిచింది. వాన లోపలికి రాకుండా ఆ పట్టానే గడప సందులో కూరింది. కిందికి వచ్చి ఇదే కిటికీ దగ్గర, చీకట్లో కూర్చుంది.

"మరి ఆయన మళ్ళీ పైకి ఎప్పుడు వెళ్ళారు?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. కోటు కూడా వేసుకోకుండా వెళ్ళారంటే ఎవరో పిలిచుండాలి. వెళ్ళాక వెనకనుంచి గడియ పెట్టుండాలి. మా మరిదికి ఆయనంటే పడదు. రెండేళ్ళుగా మాటల్లేవు. వీధిలో ఎవర్నడిగినా చెప్తారు."

కూర్చున్నప్పుడు ఇంకేమైనా విన్నారా, చూశారా అని అడిగాడు. తలుపు చప్పుడు ఇంకా వస్తూనే ఉందంది. గడియ పెట్టినా ఆ పాత తలుపు గాలికి అదురుతూనే ఉంటుందట. పైగా మెట్ల మీద రేకుల కప్పు. వాన పడితే పక్కవాళ్ళ కేక కూడా వినపడదు.

"ఆ తర్వాత అయిదారు నిమిషాలకి వింత మెరుపులు వచ్చాయి. కిటికీ అవతలి గోడ మీద తెల్లగా మెరవడమే. ఒక్కదానికీ ఉరుము లేదు."

వానలో అన్నీ వింతలే అనుకున్నాడు ఇన్‌స్పెక్టర్. అయినా అలవాటు కొద్దీ రాసుకున్నాడు. 6.36, ఉరుము లేని మెరుపులు.

అతను లేస్తుంటే ఆవిడ అంది. "ఆయన ఎలాగూ రారు. ఆ గడియ ఎవరు పెట్టారో అది ఒక్కటి నాకు చెప్పండి. మాటివ్వండి."

నిమిషాల ఇన్‌స్పెక్టర్ ఎవరికీ మాటివ్వడు. ఆ రోజు ఇచ్చాడు. ఎందుకిచ్చానా అని తర్వాత చాలా రోజులు తిట్టుకున్నాడు.

శవం దగ్గర దొరికిన సామాన్ల లిస్టు రైటర్ చదివాడు. కెమెరా, ట్రైపాడ్, షట్టర్ కేబుల్, సంచి. చేతి పక్కన ఫ్లాష్ గన్ ఒకటి, సెల్స్ పూర్తిగా అయిపోయినవి. చొక్కా జేబులో ఆడవాళ్ళ వాచీ ఒకటి, నడుస్తున్నది. వాచీ తనది కాదంది భార్య. ఇన్‌స్పెక్టర్ దృష్టంతా ఆ వాచీ మీదకే పోయింది. ఫ్లాష్ గన్ దగ్గర ఒక్క క్షణం ఆగి ఉండాల్సింది. ఆగలేదు.

మర్నాడు ఉదయం 10.05.

స్టూడియో కంప్యూటర్లో మెమరీ కార్డు పెట్టారు. టచప్ పెద్దాయన ఒక్కొక్క ఫొటో జరుపుతూ వివరించాడు. మెరుపు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలీదు. అందుకని షట్టర్ ముప్పై సెకన్లు తెరిచే ఉంచుతారు. ఆ చీకట్లో మనిషి ముందు నుంచి నడిచి వెళ్ళినా ఫొటోలో పడడు. సరిగ్గా అప్పుడే మెరిస్తే మాత్రం నిలబెట్టి తీసినట్టు పడతాడు.

6.24కి తీసిన ఫొటోలో అలా ఒకడు పడ్డాడు. పసుపు కోటు. తల మీద టోపీ. ముఖం అటు తిరిగి ఉంది.

"సారే. ఆయన కోటే అది" అన్నాడు పెద్దాయన.

ఇన్‌స్పెక్టర్ ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు. పావుగంట తర్వాత అడిగాడు.

"ఆ కోటు మీ సారుకి ఎందాకా వస్తుంది?"

"మోకాళ్ళ దాకా. ఆయన ఆరడుగుల మనిషి కదండీ."

"మరి ఇందులో చీలమండల దాకా ఉందేం?"

పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

మిగతా ఫొటోలూ చూశారు. 6.33 నుంచి మెరుపులు బాగా దగ్గరికి వచ్చాయి. 6.47 ఫొటోలో ఏమీ లేదు. కాగితమంత తెలుపు. పిడుగు పడింది అప్పుడే.

12.40.

తమ్ముడికి రెండు వీధుల అవతల వాచీలు బాగుచేసే కొట్టు ఉంది. మనిషి పొట్టి. గోడ నిండా గడియారాలు, అన్నీ ఒకే టైము చూపిస్తున్నాయి. ఇన్‌స్పెక్టర్‌కి ముచ్చటేసింది. ఇంకో సందర్భమైతే కాసేపు కూర్చునేవాడే.

నిన్న సాయంత్రం ఎక్కడున్నావని అడగకముందే తమ్ముడు చెప్పేశాడు. కొట్లోనే ఉన్నాడట, అన్నయ్య ఇంటి ఛాయలకే పోలేదట, రెండేళ్ళుగా ఆ మెట్లు ఎక్కలేదట. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే అదే.

ఇన్‌స్పెక్టర్ ఆడవాళ్ళ వాచీ తీసి బల్ల మీద పెట్టాడు. తమ్ముడు దాన్ని చూడగానే కూలబడ్డాడు.

అది వాళ్ళమ్మది. ఆవిడ పోయిన రోజు మెరుపులాయన ఎక్కడో గుట్ట మీద ఉన్నాడు. ఫోన్ ఇంట్లోనే ఉంది. కబురు అందేసరికి అంతా అయిపోయింది. నీకు అమ్మ కన్నా ఆ మెరుపులే ఎక్కువయ్యాయని నలుగురిలో అన్నాడు తమ్ముడు. అంతే, అక్కడితో మాటలు ఆగాయి. అమ్మ వాచీ కూడా అప్పుడే ఆగింది. తమ్ముడు దాన్ని విప్పడం, దిగులేసి మూసెయ్యడం, మళ్ళీ విప్పడం. నిన్న మధ్యాహ్నం అది నడిచింది.

"ఇంట్లోకి వెళ్ళడానికి మొహం చెల్లలేదు సార్. తిన్నగా పైకెళ్ళాను. వాచీ చేతిలో పెడితే అన్నయ్య చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఎంతసేపో విన్నాడు."

"ఎన్నింటికి దిగావు?"

"6.26. నేను గొడుగు తీసుకెళ్ళలేదు. తడిసిపోతున్నావురా అని తన కోటు విప్పి నాకు తొడిగాడు. వద్దన్నా వినలేదు. నాకు జలుబు జాస్తి అని చిన్నప్పటి నుంచీ వాడికి బెంగ." తమ్ముడు అన్నయ్యని వాడు అన్నానని గమనించుకోలేదు. "ఇటుక తలుపుకి సరిగ్గానే అడ్డం పెట్టాను సార్. కోటు మాత్రం నా ఇంటికెందుకని మేకుకి తగిలించేసి వచ్చాను. వదినకి తర్వాత చెప్తానన్నాడు."

"మరి అబద్ధం ఎందుకు చెప్పావు?"

"మాటల్లేని తమ్ముణ్ణి. ఆఖరున వెళ్ళింది నేనే. ఎవరు నమ్ముతారు?"

ఇన్‌స్పెక్టర్ నమ్మాడు. అదే కష్టం.

2.15. ఇన్‌స్పెక్టర్ మళ్ళీ డాబా మెట్ల మీద ఉన్నాడు. టచప్ పెద్దాయన్ని పిలిచి, నిన్న తలుపు ఎలా తీశారో చేసి చూపించమన్నాడు. పెద్దాయన ముందు వంగి గడప సందులోంచి గోనెపట్టా లాగినట్టు లాగాడు. ఆ తర్వాతే గడియ మీద చెయ్యి వేశాడు.

"పట్టా సందులోనే ఉందా?"

"ఉంది సార్. అమ్మగారు మూడు మడతలు పెట్టి గట్టిగా కూరతారు. అది లాగితే గానీ తలుపు లోపలికి రాదు."

"ఇక్కడ నేల తడిగా ఉందా?"

"లేదు. పొడిగానే ఉంది. నేను తలుపు తీశాకే జల్లు లోపలికి కొట్టింది."

ఇన్‌స్పెక్టర్ మెట్టు మీద కూర్చున్నాడు. 6.30 తర్వాత ఎవరు తలుపు తీసినా పట్టా లాగాలి, జల్లు పడాలి, నేల తడవాలి. మనిషిని బయటికి నెట్టిన హంతకుడు మూడు మడతలు పెట్టి పట్టా కూరతాడా? నేల ఆరబెట్టి పోతాడా? ఆ తలుపు 6.30కి మూసుకుంది. 6.52 దాకా తెరుచుకోలేదు. కమిలిన ఆ పిడికిళ్ళని బట్టి, గడియ పెట్టాక వచ్చిన చప్పుడు గాలిది కాదు.

అప్పుడు లిస్టులో ఫ్లాష్ గన్ గుర్తొచ్చింది.

"మెరుపులు తీయడానికి ఫ్లాష్ ఎందుకు?"

"దేనికీ పనికిరాదు సార్. సూర్యుడికి దివిటీ పట్టినట్టుంటుంది. అది సంచిలో ఊరికే ఉంటుంది. ఈవేళ స్కూలు వాళ్ళ గ్రూప్ ఫొటో ఉందని నిన్న పొద్దున్నే కొత్త సెల్స్ వేశాను."

"కొత్త సెల్స్ ఎన్నిసార్లు వెలుగుతాయి?"

"వందసార్లు దాకా."

"ఒకసారి వెలిగాక మళ్ళీ వెలగడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఆ పాతదానికి ఎనిమిది సెకన్లు."

ఇన్‌స్పెక్టర్ పైకి వెళ్ళాడు. శవం పడి ఉన్న చోట నిలబడి పిట్టగోడ మీంచి కిందికి వంగి చూశాడు. గాలి కోసం వదిలిన సన్నటి సందు. అవతల తెల్లటి గోడ. ఇవతల, ఒక అంతస్తు కింద, వంటింటి కిటికీ.

ఇది హత్య అయితే బాగుండునని అతనికి ఉద్యోగంలో మొదటిసారి అనిపించింది. హత్య అయితే ఎవరినో ఒకరిని తీసుకెళ్ళి లోపల వేయవచ్చు.

మూడో రోజు సాయంత్రం 5.10కి అందరూ ఆ వంటింటి బల్ల దగ్గరే కూర్చున్నారు. ఆవిడ, తమ్ముడు, టచప్ పెద్దాయన, కాగితాలతో రైటర్. బయట మళ్ళీ మబ్బు పట్టింది. కిటికీకి పరదా వేసి ఉంది.

ఇన్‌స్పెక్టర్ డైరీ మూసి పక్కన పెట్టాడు.

"అమ్మా, మీకు మాటిచ్చాను. అయినా ఇప్పుడు వద్దంటే ఆపేస్తాను. కేసు ప్రమాదం కింద మూసేస్తున్నాం. ఎవరి మీదా ఏమీ లేదు."

"చెప్పండి" అందావిడ.

అతను ఫొటో గురించి చెప్పాడు. చీలమండల దాకా వచ్చిన కోటు గురించి, వాచీ గురించి చెప్పాడు. ఆవిడ మరిది వైపు తిరిగింది.

"నువ్వొచ్చావా?"

"వచ్చాను వదినా. మాట్లాడుకున్నాం."

ఆవిడ ముఖంలో ఒక్క క్షణం ఏదో కుదుటపడింది. మరుక్షణం అది పోయింది. ఆవిడ కళ్ళు బల్ల మీద ఎక్కడో నిలిచిపోయాయి. ఆవిడ లెక్క వేసుకుంటోందని తమ్ముడికీ తెలిసింది.

"గడియ నేనే పెట్టాను వదినా" అన్నాడు గబగబా. "దిగేటప్పుడు పొరపాటున పెట్టేశాను. సార్, రాసుకోండి. సంతకం పెడతాను."

రైటర్ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. రాసుకో అంటే రాసేస్తాడు. ఒక్క పేజీ. ఇన్‌స్పెక్టర్ నోరు తెరవబోయాడు. ఆవిడే ముందు మాట్లాడింది.

"నువ్వు పెట్టుంటే, నేను వెళ్ళేసరికి తలుపు ఎందుకు కొట్టుకుంటుంది?"

తమ్ముడు రైటర్ చేతిలో కాగితం వైపు చూశాడు.

"కోటు నువ్వు తగిలించావు."

"వదినా..."

"మెట్ల మీద నేను తుడిచిన అడుగులు నీవి."

తమ్ముడు తల వంచుకున్నాడు.

"అయితే ఆయన దిగలేదు" అందావిడ.

టచప్ పెద్దాయన ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాల్సిన పని లేకుండా పోయింది. ఏళ్ళ తరబడి ఎన్నో కేసులు ఇలాగే నలుగురినీ కూర్చోబెట్టి విప్పాడు. ప్రతిసారీ ఒకడు లేచి పారిపోబోయేవాడు. ఈసారి పారిపోవాలనిపించింది అతనికే.

తప్పు మీది కాదని చెప్పాడు. కోటు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారని చెప్పాడు. ఆయన ట్యాంకు వెనక ఉన్నాడు కాబట్టి తలుపు మూయడం ఆయనకీ కనపడలేదని చెప్పాడు. అన్నీ నిజాలే. ఒక్కటీ ఎందుకూ పనికిరాలేదు. ఆవిడ వింటున్నట్టే తల ఊపింది.

సామాన్లు తీసుకున్నట్టు సంతకం కావాలని రైటర్ లిస్టు ముందుకు జరిపాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి అడ్డం పెట్టేలోపే ఆవిడ చదవడం మొదలుపెట్టింది. పదకొండేళ్ళు ఫొటోగ్రాఫర్‌తో కాపురం చేసిన మనిషి. వేలు ఒక వరుస దగ్గర ఆగింది.

"ఫ్లాష్ గన్ చేతి పక్కన ఎందుకుంది?"

ఇన్‌స్పెక్టర్ నేల చూపులు చూశాడు.

"సెల్స్ అయిపోయాయని రాశారు."

"అమ్మా, ఇంక వదిలెయ్యండి."

ఆవిడ కిటికీ పరదా వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా, లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది.

"మెరిస్తే లెక్కపెట్టమని ఆయనే నేర్పారు. పది లోపు ఉరిమితే దగ్గరికొచ్చినట్టు, వెంటనే దిగిపోవాలి. ఆ రోజూ లెక్కపెట్టాను. గోడ మీద తెల్లగా మెరిసింది. ఒకటి, రెండు అనుకుంటూ ఎనిమిది దాకా వచ్చాను. ఉరమలేదు. మళ్ళీ మెరిసింది. మళ్ళీ ఎనిమిది. నాలుగుసార్లు అలాగే. ఇవి ఉరిమే మెరుపులు కావులే, ఎక్కడో దూరంగా పడుతున్నాయి అనుకున్నాను. కళ్ళలో కొడుతోందని పరదా వేసేశాను."

తమ్ముడు లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఆ తర్వాత ఇంకా ఎన్నిసార్లు?" అని అడిగిందావిడ.

ఇన్‌స్పెక్టర్ డైరీలో ఆ అంకె ఉంది. 6.36 నుంచి 6.47 దాకా, ఎనిమిది సెకన్లకొకసారి. నిన్న రాత్రే వేశాడు. ఇంతవరకూ అతను ఎవరికీ అంకె తప్పు చెప్పలేదు.

"తెలీదమ్మా" అన్నాడు.

ఆవిడ అతని ముఖం కాసేపు చూసి, లిస్టు మీద సంతకం పెట్టింది. అత్తగారి వాచీ తీసి మరిది చేతిలో పెట్టింది. దాన్ని అతను చెవి దగ్గర పెట్టుకోలేదు. పిడికిట్లో దాచుకున్నాడు.

అప్పుడు బయట మెరిసింది. పరదా అంచుల్లోంచి గది ఒక్కసారి తెల్లబడింది. అందరూ కదలకుండా ఉండిపోయారు. ఆవిడ పెదవులు మాత్రం కదులుతున్నాయి. పన్నెండు దగ్గర ఉరిమింది. మామూలు మెరుపే.

ఆవిడ లేచి వెళ్ళి పరదా పూర్తిగా పక్కకు లాగింది. కిటికీ రెక్కలు బార్లా తెరిచి, పైకి చూస్తూ అక్కడే నిలబడింది.